వెనకడుగు లేని నడక

2018 ఫిబ్రవరిలో ఒక శనివారం తెల్లవారుజామున ఐదున్నరకి బోతెల్‌లోని మా అమ్మాయి ఇంటి నుంచి బయల్దేరాం. కారు డిక్కీలో టైర్లకు చుట్టే గొలుసులు, ఫ్లాస్కులో అల్లం టీ, స్టీలు డబ్బాల్లో పులిహోర, జంతికలు, మనిషికి రెండేసి జతల ఉన్ని మేజోళ్లు. నా ఒంటిమీద అమ్మాయి తన మంచు ప్యాంటు తొడిగింది. అరవయ్యొక్క ఏళ్ల వయసులో చీర కాక మరొకటి కట్టుకుని గడప దాటడం నాకదే మొదటిసారి.

ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది. తణుకు దగ్గర మా ఊళ్లో ఒక్కదాన్నే ఉండొద్దని డిసెంబరులో అమ్మాయి తీసుకెళ్లింది. వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్ వైపు చలికాలమంటే నిజానికి వానాకాలమే. సన్నటి తుంపర పొద్దస్తమానం పడుతూనే ఉంటుంది. సాయంత్రం నాలుగున్నరకే దీపాలు పెట్టాలి. కూతురూ అల్లుడూ ఆఫీసులకి, మనవరాలు బడికి వెళ్లిపోతే కిటికీ దగ్గర కుర్చీ, నేను. బోతెల్, రెడ్‌మండ్, సమామిష్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల దగ్గరికి వచ్చిన తల్లులూ తండ్రులూ ఉన్నారు. గుళ్లో కనిపించినప్పుడు మేమంతా ఒకర్నొకరం అడుగుకునే మాట ఒక్కటే: "తిరుగు టికెట్టు ఎప్పటికి?"

అలా రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండగా ఒకరాత్రి తొమ్మిదేళ్ల మనవరాలు నా పక్కలో చేరి, "అమ్మమ్మా, కాళ్లకి పెద్ద పెద్ద చెప్పులు కట్టి మంచుమీద నడవడం నేర్పిస్తారట. ఎనిమిదేళ్లు నిండితే చాలట. నువ్వొస్తేనే నేనూ వెళ్తా" అంది. నా మోకాళ్లు ఏమవుతాయోనని అమ్మాయి భయపడింది. "అత్తయ్యగారు ఈ ఇంట్లో మెట్లు రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగుతున్నారు. వాళ్లు నడిపించేది రెండు మైళ్లలోపే. ఏం ఫరవాలేదు" అని అల్లుడు తేల్చేశాడు.

వెళ్లింది మౌంట్ రైనియర్ నేషనల్ పార్కులో పారడైజ్ అనే చోటికి. రైనియర్ 14,410 అడుగుల అగ్నిపర్వతం. ఒళ్లంతా హిమానీనదాలు. 1899లోనే దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. తరతరాలుగా దాని చుట్టూ బతికిన నిస్క్వాలీ, పుయాలప్, యాకమా వంటి జాతుల వాళ్లు ఆ కొండని తహోమా అనీ, దానికి దగ్గరగా వినిపించే మరికొన్ని పేర్లతోనూ పిలుచుకున్నారు. 1792లో సముద్రం మీంచి దాన్ని చూసిన జార్జి వాంకోవర్ అనే ఇంగ్లిషు కెప్టెన్, నౌకాదళంలో తన స్నేహితుడైన పీటర్ రైనియర్ పేరు పెట్టేశాడు. ఆ రైనియర్ ఆ కొండని ఎన్నడూ చూడలేదు. ఆ తర్వాత 1794 నుంచి 1805 దాకా మన సముద్రాల్లో బ్రిటిష్ నౌకాదళానికి అధిపతిగా ఉన్నాడు. మన తీరం వెంట ఓడలు నడిపిన మనిషి పేరు అక్కడెక్కడో ఉన్న కొండకి ఉండటం నాకు ఈనాటికీ వింతే. నా మట్టుకు నేను దాన్ని తహోమా అనే తలుచుకుంటాను.

పార్కులోకి వెళ్లాక లాంగ్‌మైర్ దగ్గర గేటు ఉంటుంది. రాత్రి మూసేసిన ఆ గేటుని, పొద్దున్నే యంత్రాలు పైదాకా వెళ్లి మంచు తోసి వచ్చాక తెరుస్తారు. నవంబరు 1 నుంచి మే 1 దాకా ప్రతి కారులోనూ గొలుసులు ఉండి తీరాలి. నాలుగు చక్రాలూ లాగే బండికైనా మినహాయింపు లేదు. మేం వెళ్లేసరికి గేటు ఇంకా తెరవలేదు. ముందు పది కార్లు. మాట్లాడకుండా టీ తాగాం. గేటు తీశాక పది పన్నెండు మైళ్ల ఘాట్ రోడ్డు. పైకి పోతున్నకొద్దీ వాన చినుకు బరువెక్కి, తెల్లబడి, చివరికి దూదిలా రాలడం మొదలైంది. బోతెల్‌లో రెండు నెలలు కిటికీలోంచి చూసి నేను విసుక్కున్న వాన, ఐదువేల అడుగుల ఎత్తుకొచ్చేసరికి మంచయింది. పసిఫిక్ మీంచి వచ్చే ఆ తడిగాలే కింద తుంపర, పైన మంచు. ఆ సంగతి కళ్లారా చూశాక ఆ వాన మీద నాకు మళ్లీ విసుగు రాలేదు.

పారడైజ్ 5,400 అడుగుల ఎత్తున ఉంది. రోడ్డుకి రెండుపక్కలా యంత్రాలు కోసిన మంచుగోడలు కారుకంటే ఎత్తు. అక్కడ ఏటా సగటున 50 అడుగులకు పైగా మంచు పడుతుందట. 1971–72 చలికాలంలో 1,122 అంగుళాలు పడింది. అంటే 93 అడుగులు దాటి. ఆ ఏడాది నేను తణుకు హైస్కూల్లో చదువుకుంటున్నాను. మా చేలగట్టు మీది తాటిచెట్లే నాకు తెలిసిన పెద్ద ఎత్తు. అవి కూడా అంత ఉండవు. పడిందంతా పడ్డట్టు నిలవదనీ, దిగబడి గట్టిపడుతూ ఉంటుందనీ తర్వాత మమ్మల్ని నడిపించిన పార్కు రేంజరు చెప్పాడు.

బండి ఆపగానే ఓ నక్క వచ్చి తలుపు పక్కన కూర్చుంది. ఒళ్లంతా నలుపు, తోక కొస తెలుపు. మనవరాలు జంతికల డబ్బా మూత తీయబోయింది. "వద్దమ్మా, బోర్డు చూడు" అని వాళ్ల నాన్న ఆపాడు. ఆ కొండల్లో మాత్రమే ఉండే ఎర్రనక్క ఉపజాతి అది. కొన్ని ఇలా నల్లగానూ పుడతాయి. మనుషులు తిండి పెట్టడం అలవాటు చేస్తే కార్ల కింద పడి చచ్చిపోతాయి. అది కాసేపు మా చేతుల వంక చూసి, ఏమీ లేదని తెలుసుకుని, ఇంకో బండి దగ్గరికి పోయింది. చచ్చిపోతుందని తెలిసి కూడా చిప్స్ విసిరేవాళ్లని ఆ రోజు సాయంత్రం చూశాను. చాలా బాధేసింది.

నడకకి ముందుగా వచ్చినవాళ్లకే చోటు. గంట ముందు వెళ్లి పేర్లు రాయించుకోవాల్సి వచ్చింది. పాతికమందికి మించి తీసుకోలేదు. మాతో వచ్చినవాళ్లలో సగంమంది మంచుమీద అడుగుపెట్టడం అదే మొదలు. టకోమా అనే ఊరి నుంచి వచ్చిన డెబ్భై దాటిన ఒకావిడ, ఇద్దరు పిల్లలతో ఒక వియత్నాం కుటుంబం, జీన్స్ ప్యాంట్లూ నూలు స్వెట్టర్లూ వేసుకున్న ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు నాకు బాగా గుర్తు.

రేంజరు ముప్ఫై ఏళ్లు కూడా నిండని కుర్రవాడు. ముందు ఆ కుర్రాళ్ల బట్టలు చూశాడు. నూలుబట్ట చెమటకి తడిస్తే ఆరదనీ, తడిసిన బట్ట ఒంట్లో వేడినంతా లాగేస్తుందనీ చెప్పి, తన సంచిలోంచి రెండు జతల ఉన్ని తొడుగులు తీసి వాళ్లకిచ్చాడు. నూలుబట్ట మన ఎండకి దేవుడిచ్చిన వరం. దాన్ని ప్రమాదమని చెప్పగా వినడం అదే మొదలు. తర్వాత అందర్నీ చలిగా ఉండగానే ఒక కోటు విప్పేయమన్నాడు. నడుస్తుంటే వేడెక్కుతారు, చెమట పట్టనివ్వకూడదు, బయల్దేరేటప్పుడు కాస్త వణుకు ఉండాలి అన్నాడు.

మేం చేరినచోట గోడకి ఒక పాతకాలపు స్నోషూ, అంటే మనవరాలు చెప్పిన ఆ మంచు చెప్పు, వేలాడుతోంది. కర్రని ఆవిరి పట్టి వంచి, మధ్యలో పచ్చితోలు పట్టీలతో అల్లింది. చూడగానే నాకు మా తాతగారి నులకమంచం గుర్తొచ్చింది. అదే అల్లిక, అదే బిగువు. ఉత్తర అమెరికా ఆదివాసులు వేల ఏళ్లుగా వాటిమీదే వేటకి వెళ్లారు, సామాను మోశారు. ఒక్కో జాతి తన నేలకి తగ్గట్టు చేసుకుంది: చిక్కటి అడవిలో మలుపులకి గుండ్రటివి, బయలు ప్రాంతాలకి పొడుగాటివి. ఇప్పుడు మాకిచ్చిన అల్యూమినియం చట్రం, దళసరి షీటు, అడుగున ఇనప పళ్లు ఉన్న రకం 1970ల నాటిది. అదే వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎలెన్స్‌బర్గ్‌కి చెందిన ప్రేటర్ సోదరులు కొండలెక్కడం కోసం అలాంటివాటిని తయారుచేసి వాడుకలోకి తెచ్చారు.

బూటు ముందుభాగాన్నే పట్టీలతో బిగిస్తారు. మడమ వదులు. మనం మామూలుగా అడుగేస్తుంటే మడమ లేస్తుంది, స్నోషూ తోక మంచుమీద ఈడుస్తూ వస్తుంది. నా వేళ్లు అప్పటికే కొయ్యబారి పట్టీ బకిల్‌లోకి దూరడం లేదు. మనవరాలు మంచులో మోకాళ్లమీద కూర్చుని, నా రెండు కాళ్లకీ పట్టీలు లాగి బిగించింది. ఆ పిల్లకి బూట్ల లేసులు కట్టడం నేర్పింది నేనే, నాలుగేళ్ల కిందట, వేసవి సెలవుల్లో మా ఊరొచ్చినప్పుడు.

తొక్కిన దారిమీద నిలబెట్టి రేంజరు ఒక పరీక్ష చూపించాడు. కాలేజీ కుర్రాడొకణ్ణి స్నోషూలు లేకుండా పక్కకి అడుగేయమన్నాడు. తొడదాకా దిగబడిపోయాడు. ఇద్దరు చెయ్యిచ్చి లాగాల్సొచ్చింది. అతనికే స్నోషూలు కట్టి అక్కడే నిలబెడితే జానెడు లోతు కూడా దిగలేదు. బరువు అదే మనిషిది, ఆనేచోటు నాలుగైదు రెట్లయింది, అంతే.

నాకు ఒక్కసారిగా మా నాన్న కళ్లముందు కనిపించాడు. దమ్ము చేశాక చేను చదును చేసేటప్పుడు ఎడ్లకి కట్టిన చెక్కమీద నిలబడేవాడు. పిక్కలదాకా దిగబడే బురదలో, ఆ చెక్కమీది మనిషి మాత్రం తేలుతూ పోయేవాడు. వెనక నడిచే పిల్లలం మేం కూరుకుపోయేవాళ్లం. అడుసులో నడక నాకు కొత్త కాదు. కాలు నేరుగా ముందుకి లాగితే రాదు. ముందు మడమ వదలాలి, తర్వాత మోకాలు ఎత్తాలి, కాళ్లు ఎడంగా పెట్టాలి. రేంజరు చెప్పిన పాఠం అచ్చంగా అదే. పక్కనున్నవాళ్లు తమ స్నోషూని తామే తొక్కుకుని తూలుతుంటే, నా కాళ్లకి ఆ నడక పాతనేస్తంలా తగిలింది. "అమ్మా, నీకెలా వచ్చేసింది?" అని అమ్మాయి అడిగింది. "మీ తాతయ్య నేర్పాడు" అన్నాను.

ఒక్క తేడా మాత్రం ఉంది. మా ఊళ్లో నాట్లేసేవాళ్లు వెనక్కి వెనక్కి నడుస్తారు. నాటిన మొక్కని తొక్కకుండా, కళ్లముందు పచ్చటి వరస పెరుగుతూ ఉంటే, వెనక్కి జరుగుతారు. స్నోషూలతో వెనకడుగు వేయడానికి వీల్లేదు. వెనక్కి పెడితే తోక మంచులో గుచ్చుకుని మనిషి వెల్లకిలా పడతాడు. వెనక్కి పోవాలంటే ఎడ్లబండిని మళ్లించినట్టు చుట్టూ తిరిగి ముందుకే నడవాలి.

బయల్దేరాం. ముందు రేంజరు, వెనక ఒక వాలంటీరు, మధ్యలో మేం వరసగా, చేతుల్లో రెండేసి ఊతకర్రలతో. దారి మూడు కిలోమీటర్లు కూడా లేదు. దానికి రెండు గంటలు. నిదానంగా నడిచేవాళ్లని రేంజరు తన వెనకే పెట్టుకున్నాడు. వాళ్లు వెనకబడితే చివర ఎవరూ చూడనిచోట అలిసిపోతారు, ముందుంటే అందరూ వాళ్ల అడుగుకి తగ్గట్టు నడుస్తారు. గుంపుని నడపడంలో ఇంత మంచి పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. మన తీర్థయాత్రల్లో పెద్దవాళ్లు ఎప్పుడూ వెనకే ఉంటారు.

చెట్లు నాకు ఆశ్చర్యం. మన ఆఫీసుల ముందు వరసగా నాటే పొడుగాటి అశోకచెట్ల ఆకారం. కొమ్మలు పొట్టిగా, కిందికి వాలి ఉంటాయి, మంచు నిలవకుండా జారిపోయేందుకు. వాటి మొదళ్ల దగ్గరికి ఎవర్నీ పోనివ్వలేదు. కొమ్మల నీడన మంచు తక్కువ పడి మొదలు చుట్టూ గొయ్యి ఉంటుంది, పైకి కనపడదు. అందులో పడితే పైనున్న మంచు మీద కూలుతుంది. నిటారు వాలుల కిందికీ తీసుకెళ్లలేదు. మంచుచరియలు విరిగిపడేది అక్కడే.

ఒకచోట ఆగి, రేంజరు పారతో మంచుని నిలువుగా కోశాడు. నడుంలోతు గోడ. వంగి చూస్తే అందులో చారలు. పైన కొత్తగా పడ్డది, మెత్తని బియ్యప్పిండి. దానికింద బెత్తెడు మందాన తేమ పట్టి బిగిసిన మంచు. మధ్యలో గాజుపలకలాంటి సన్నటి గీత, వాన పడి గడ్డకట్టిన రాత్రిది. ఇంకా కింద బొంబాయి రవ్వలాంటి పలుకులు. మనవరాలు చేతితొడుగు తీసేసి ఆ గీతలమీద వేలితో పైనుంచి కిందికి రాసింది. ఒక్కో గీత ఒక్కో తుఫాను. నేను బోతెల్‌లో కిటికీ దగ్గర కూర్చున్న రోజులన్నీ అక్కడ పొరలు పొరలుగా ఉన్నాయి. సంక్రాంతి నాటిది ఏదై ఉంటుందా అని వెతికాను. అక్కడి జనం ఈ తడిమంచుని కాస్కేడ్ కాంక్రీటు అంటారట. గుప్పెడు తీసుకుంటే ఆ బరువు తెలిసింది.

గాలి చలి ఎంతున్నా, దట్టమైన మంచుకింద నేల మాత్రం నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత దగ్గరే నిలకడగా ఉంటుందట. మంచులో చిక్కుకున్న గాలి దుప్పటిలా కాపాడుతుంది. ఆ అడుగున చిట్టెలుకలు సొరంగాలు చేసుకుని చలికాలమంతా బతుకుతాయి. పైన నక్క చెవులు రిక్కించి ఆ అలికిడి వింటుంది. అది విన్నాక మేం పాతికమందిమీ ఒక్క క్షణం కదలకుండా నిలబడ్డాం. ఏమీ వినపడలేదు. నా గుండె చప్పుడు వినిపించింది.

తిరుగుదారిలో ఒక వాలు దిగుతూ కుడి స్నోషూతో ఎడమదాన్ని తొక్కాను. పక్కకి పడిపోయాను. పట్టుకోవడానికి చెయ్యి ఆనిస్తే చెయ్యి భుజందాకా మంచులోకి పోయింది. ఆనుకోవడానికి కింద ఏమీ లేదు. అడుసులో పడితే ఎక్కడో ఒకచోట నేల తగులుతుంది. ఇక్కడ తగల్లేదు. భయపడ్డాను, నిజం. అమ్మాయి నా వైపు పరిగెత్తబోతే రేంజరు ఆపాడు. తనూ దిగబడితే ఇద్దరమూ లేవలేం. టకోమా ఆవిడ నాకు దగ్గరలో ఉంది. కదలకుండా, నెమ్మదిగా చెప్పింది: "తొందరేం లేదు. ముందు బోర్లా తిరుగు. రెండు కర్రలూ అడ్డంగా, ఒకదానిమీద ఒకటి మంచుమీద పెట్టు. వాటి మధ్యన చెయ్యి ఆన్చు. మోకాళ్లమీదకి రా." అలాగే చేశాను. రెండు కర్రలు అడ్డంగా పడేసరికి మంచు బరువు మోసింది. మళ్లీ నాన్న చెక్కే. లేచి నిలబడ్డాక పాతికమందీ చప్పట్లు కొట్టారు. ఎవరూ నవ్వలేదు. అంతసేపూ ఒక్కరు కూడా ముందుకు కదల్లేదని అప్పుడే గమనించాను.

ఆఖరి అరమైలులో ఎవరూ తొక్కని మైదానం వచ్చింది. ముందు నడిచేవాళ్లకే అసలు శ్రమ. వాళ్లు అణిచిన మంచుమీద వెనకవాళ్లు సుఖంగా వస్తారు. అందుకే వంతులేసుకుంటారు. రేంజరు పక్కకి తప్పుకుని ఎవరొస్తారన్నాడు. నేను చెయ్యెత్తాను. యాభై అడుగులు లెక్కపెట్టుకుని నడిచాను. ప్రతి అడుగుకీ మోకాలు పొట్టదాకా ఎత్తాలి, దించాలి, మంచు సర్దుకోనివ్వాలి, తర్వాత బరువు వేయాలి. ముప్ఫయ్యో అడుగుకి ఊపిరి అందలేదు. ఆయన పోయాక ఏ పనైనా ఎవరో ఒకరి వెనక చేస్తూ వచ్చాను. అమ్మాయి చెప్పినచోట సంతకం పెట్టాను, చెప్పిన రోజున విమానం ఎక్కాను. ఆ యాభై అడుగులూ నా ముందు ఎవరూ లేరు. నా వెనక నా కూతురు, నా మనవరాలు, ఆ టకోమా ఆవిడ, మిగిలినవాళ్లందరూ నా అడుగుల్లో అడుగులు వేస్తూ వచ్చారు. యాభై అయ్యాక పక్కకి తప్పుకుని నిలబడ్డాను. వియత్నాం తల్లి నన్ను దాటుతూ నా భుజం తట్టి ముందుకి పోయింది.

అప్పుడే మబ్బు తొలిగింది. వెనక్కి తిరగలేం కాబట్టి అందరం చుట్టూ తిరిగి నిలబడ్డాం. పొద్దుట్నుంచీ కనపడని కొండ, నిస్క్వాలీ హిమానీనదంతో సహా, ఆకాశమంతా ఆక్రమించి ఉంది. వేసవిలో దాని మంచు కరిగి నిస్క్వాలీ నదిలో పారుతుంది, దారిలో ఆల్డర్ డ్యామ్ దగ్గర టకోమా ఊరికి కరెంటునిచ్చి సముద్రంలో కలుస్తుంది. ఐదు నిమిషాల్లో మళ్లీ మబ్బు మూసింది. ఫోటో తీద్దామని అల్లుడు తొడుగు విప్పేలోపే అయిపోయింది.

కారులో పులిహోర తిన్నాం. చల్లారిపోయి గట్టిపడింది, అయినా డబ్బా ఖాళీ అయింది. నా తొడల లోపలి కండరాలు నాలుగు రోజులు నొప్పిపెట్టాయి, మోకాళ్లు మాత్రం ఏమీ అనలేదు. ఆ తర్వాత తిరుగు టికెట్టులోపు మరో రెండుసార్లు వెళ్లాం.

పిల్లల దగ్గరికి చలికాలంలో అమెరికా వెళ్లే పెద్దలకి నా మాట ఒకటి. మిమ్మల్ని అలాంటి చోటికి తీసుకెళ్లాలంటే పిల్లలు జంకుతారు. కాబట్టి మీరే నోరు తెరిచి అడగండి. డాక్టరు నడవచ్చు అంటేనే వెళ్లండి. ఒంటరిగా వద్దు, దారి తెలిసినవాళ్లు నడిపించే గుంపుతోనే వెళ్లండి. బయల్దేరే ముందు గేటు తెరుస్తారో లేదో, నడక ఉందో లేదో కనుక్కోండి. ఉన్ని మేజోళ్లు రెండు జతలు పెట్టుకోండి. తొక్కని మంచు వచ్చినప్పుడు ముందు ఎవరు నడుస్తారని అడుగుతారు. అప్పుడు చెయ్యెత్తండి.